ముల్లు పూర్తిగా దిగలేదు

ఆ ఆసుపత్రి వరండాలో కడుపుతో ఉన్నవాళ్ళు రెండుసార్లు బరువు చూసుకుంటారు. డాక్టరమ్మ గదిలోకి వెళ్ళేముందు ఒకసారి, సలహా విని బయటికొచ్చాక ఒకసారి. సలహా చెప్పినవాళ్ళు ఏదైనా దాచుకుంటే, ఆ దాచిన మాట విన్నామె బరువులో కలుస్తుంది మరి. ఎప్పటినుంచో అంతే. ఈ మిషన్ని నాల్రోజులు ఇంటికిస్తే మా ఆయన సంగతి తేల్చుకుంటానని ఆయా అంటూ ఉంటుంది.

కుట్టుపనామెకి నెలలు నిండి, చెప్పిన తేదీ కూడా దాటిపోయింది. రేపొచ్చి చేరమని, నొప్పులు రావడానికి మందు పెడతామని, అందరికీ చేసేదేనని చెప్పి డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలిచేసింది. బయట బెంచీ మీదున్న తల్లికి ఆ సంగతి వినగానే ఒళ్ళు మండింది. వాళ్ళ తొందర వాళ్ళదని, పండిన కాయ దానంతటదే రాలుతుందని, ఇలాంటివి మన ఇంటావంటా లేవని కూతురి చెవిలో ఊదింది.

కూతురు మిషన్ ఎక్కింది. ముల్లు ఎగిరి ఎక్కడో కూర్చుంది.

"చూశావా? ఏదో దాస్తోంది. ఇంటికి పద," అంది తల్లి.

వరండా అంతా డాక్టరమ్మ తలుపు వైపు అదోలా చూసింది. కుట్టుపనామె మాత్రం కొలత తేడా వస్తే మళ్ళీ కొలవకుండా కత్తెర పట్టే మనిషి కాదు. తిన్నగా లోపలికెళ్ళి కూర్చుంది.

"మొత్తం చెప్పండి మేడం. మందు పెడితే ఏమవుతుంది, పెట్టకపోతే ఏమవుతుంది?"

డాక్టరమ్మ బయట క్యూ వైపు చూసి, నిట్టూర్చి, పెన్ను పక్కన పెట్టింది. కాన్పయ్యేసరికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చంది. నొప్పులు మామూలు కన్నా గట్టిగా రావచ్చు, తగ్గించడానికి మందులున్నాయి. ఫలించకపోతే ఆపరేషన్ దాకా పోవచ్చు. వద్దనుకుంటే బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ ఆగొచ్చు, కానీ ఆగినకొద్దీ బిడ్డకి ముప్పు పెరుగుతుంది. ఇదంతా ముందే చెప్పాల్సిందని ఒప్పుకుంది, నిర్ణయం నీదేనంది.

మళ్ళీ ఎక్కింది. ముల్లు దిగింది గానీ, పూర్తిగా దిగలేదు.

ఇంకా ఏం దాచారని తల్లి నిలదీసింది. వెంట వచ్చిన డాక్టరమ్మ తెల్లమొహం వేసింది, తన దగ్గర ఇంకొక్క ముక్క కూడా లేదంది. అప్పుడొచ్చింది కుట్టుపనామెకి అనుమానం. ఇవాళ తనకి సలహా చెప్పింది ఇద్దరు కదా. అమ్మ వైపు తిరిగింది. అమ్మ చేతిసంచి జిప్పు లాగుతూ, మూస్తూ ఉంది.

"అమ్మా."

"నీకన్నా ముందు ఒకడున్నాడే," అంది తల్లి, తలెత్తకుండా. "అప్పుడూ తేదీ దాటిందని మందు పెడతామన్నారు. నొప్పులు అవే వస్తాయిలే అని నేనే వద్దన్నాను. పుట్టాక వాడు ఏడవలేదు."

ముల్లు మెల్లగా మొదటి చోటికొచ్చింది. కుట్టుపనామెకి కోపమూ జాలీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇన్నేళ్ళూ అమ్మకి తనే తొలిచూలు అనుకుంది. మిషన్ దిగి, అమ్మ చేతిలోని సంచి తను తీసుకుంది.

"రేపొచ్చి చేరతాను మేడం," అంది. "నాతోపాటు అమ్మని కూడా లోపలికి రానివ్వాలి."