అక్క తరఫున, అమ్మ తరఫున

"అమ్మాయ్, వాడికేం కావాలో నాకేం తెలుస్తుంది? నా తరఫున నువ్వే ఏదో ఒకటి కొనేసి పెట్టు," అన్నారు అత్తగారు ఫోన్లో. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్ బల్ల వెనక కూర్చున్న కోడలు, బుగ్గ వాచి వచ్చిన పెద్దాయనకి కుర్చీ చూపిస్తూ "సరే అత్తయ్యా" అంది. సాయంత్రంలోగా ఆడపడుచు నుంచీ అదే మాట, మరిది నుంచీ అదే మాట. మరిది ఇంకో అడుగు ముందుకేసి, "కాస్త మంచిదే చూడు వదినా, అన్నయ్య దగ్గర నా పరువు పోకూడదు" అన్నాడు.

ఏడాది చివరి సెలవుల్లో అందరూ వీళ్లింట్లోనే చేరతారు. భోజనాలయ్యాక బహుమతులు. ఆమె భర్తకి ఫిల్మ్ కెమెరా పిచ్చి. ఫోన్‌తో తీసేవి అసలు ఫొటోలే కావంటాడు. ఫ్రిజ్‌లో కూరగాయల అర సగం ఫిల్మ్ రోల్స్‌దే. ఆదివారం ఫిల్మ్ కడిగి స్నానాలగదిలో వేలాడదీశాడంటే, అది ఆరేదాకా ఎవరూ తలుపు తీయకూడదు, దుమ్ము పడుతుందట. ఆమెకున్న ఒక్క సెలవురోజూ బకెట్లో బట్టలతో పాటే నానిపోతుంది. ఏ రోల్ మసక వెలుతురుకి పనికొస్తుందో, ఏ మందు ఏ సీసాలో ఉందో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇష్టపడి నేర్చుకున్న విద్య కాదది. సర్దుతూ, తుడుస్తూ, మాటలు పడుతూ ఒంటబట్టింది.

కిందటేడు ఆడపడుచు పేరు మీద ఓ నల్లసంచి కొంది. చేతులు లోపలికి దూర్చి, వెలుతురు తగలకుండా ఫిల్మ్ ఎక్కించుకునే సంచి. ఆయన పొంగిపోయాడు. "చూశావా, మా అక్కకి నేను నోరు విప్పకుండానే అన్నీ తెలుస్తాయి!" ఆడపడుచు ఏమాత్రం తడబడకుండా తమ్ముడి తల నిమిరింది. ఆ వెంటనే భార్య ఇచ్చిన కెమెరా తోలు పట్టీ విప్పి చూసి ఆయన, "ఇంత వెడల్పా? నీకెన్నిసార్లు చెప్పినా అంతే. నువ్విచ్చే వాటిలో మనసుండదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, చించిపారేసిన కాగితాలు ఏరింది. నవ్వినందుకు తన మీద తనకే చాలా రోజులు ఒళ్లు మండింది. ఒక్క ఏడాదైనా, "ఇది నువ్వే కొన్నావు కదూ?" అని ఆయన కనిపెడతాడని ఎదురుచూడటం ఆమెకి సిగ్గనిపించినా మానలేని పని.

ఈసారి మధ్యాహ్నం అన్నం మానేసి దుకాణానికి వెళ్లింది. అత్తగారి తరఫున నలుపు తెలుపు రోల్స్, ఆడపడుచు తరఫున నెగెటివ్‌లు దాచుకునే ఆల్బమ్, మరిది తరఫున వెలుతురు కొలిచే లైట్ మీటర్. చివరికి ఓ సన్నటి తోలు పట్టీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్లీ కొక్కేనికి తగిలించేసింది. ఏటా ఒక్కొక్కరికి ఒక్కో రంగు కాగితం చుట్టేది. అత్తగారి పేరైతే వణికే అక్షరాలతో రాసేది కూడా. ఈసారి అన్నిటికీ ఒకే కాగితం. పేర్లు రాయలేదు.

భోజనాలయ్యాయి. "ఎవరివి వాళ్లు తీసి ఇవ్వండి" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

అత్తగారు ఒకటి ఎత్తి చూసి, దించేశారు. "ఏమే, ఇందులో నాదేది?" అంది ఆడపడుచు.

"మీరిచ్చేదేదో మీకు తెలియాలి కదా వదినా."

మరిది తెగించి ఓ పొట్లం అన్న చేతిలో పెట్టాడు. ఆయన విప్పాడు. "ఇదేంట్రా?"

"పెళ్లి ఆల్బమ్ అనుకుంటా..."

ఆయన తమ్ముణ్ణి చూసి, భార్యని చూశాడు. "ఇవన్నీ నువ్వే కొన్నావా?"

"ఏటా నేనే. కిందటేడు నల్లసంచి కూడా."

ఆడపడుచు గోళ్లు చూసుకుంది.

"మరి నీదేది?"

"ఈసారి నేనేమీ తేలేదు. నా మనసు సంగతి వదిలేయండి. ఇన్నేళ్లలో నాకేం ఇష్టమో మీరొక్కటి చెప్పండి, చాలు."

ఆయన అమ్మ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. అటునుంచి ఏ సాయమూ అందక, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ భార్య వైపే వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం చెప్పమంటావ్?"

ఆమె చెప్పలేదు.