కమానుకి తగ్గ గులాబి

కొత్తింటి గేటు మీద ఇనుప కమాను నిలబెట్టిన సాయంత్రం, దాన్ని చేసిన అమ్మాయి చేతి తొడుగులైనా తీయకుండా నాన్న మొహం వంకే చూస్తూ నిలబడింది. ఆమె వెల్డింగు పని చేస్తుంది. వర్క్‌షాపులో పని అయ్యాక కాసేపు ఆగి, యజమాని తీసుకోమన్న మిగులు చువ్వలతో నెలల తరబడి చేసిన కమాను అది. కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు అంతకుముందు ఎన్నో చేసింది గానీ అన్నీ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయాయి. సొంత ఇంటికి చేసిన మొదటి వస్తువు ఇదే. రెండు పక్కలా నిలువు స్తంభాలు, పైన విల్లులా వంగిన జంట చువ్వలు, వాటి మధ్య రేకుని సుత్తితో కొట్టి తీర్చిన చిన్న చిన్న ఇనుప ఆకులు.

నాన్న దాని చుట్టూ తిరిగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అక్కడక్కడ వేలితో తడిమాడు. చివరికి, "దీని మీదికి గులాబి పాకించాలి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

అంతే. ఇంకో ముక్క లేదు.

ఆయన మాటల్లో మొదటినుంచీ పొదుపరి. ఉద్యోగమంతా ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. "ఎన్నో అంతస్తు?" అన్న ఒక్క ప్రశ్నతో ఏళ్ళు వెళ్ళదీసిన మనిషి. రిటైరయ్యాక ఆ ప్రశ్న కూడా లేకుండా పోయింది. ఇదంతా తెలిసిందే అయినా అమ్మాయికి మనసు చివుక్కుమంది.

"చూశావా అమ్మా! బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆకులతో కప్పెట్టేద్దాం అంటున్నాడు."

అమ్మ కుట్టుమిషను ఆపలేదు. "పెళ్ళైన కొత్తలో నేను కొత్త చీర కట్టుకుని ఎలా ఉందండీ అంటే ఊఁ అన్నారు. ఆ ఊఁతోనే ఇన్నేళ్ళు కాపురం చేశా. నీకు కనీసం గులాబి దక్కింది." దారం పంటితో తెంపి, అలవాటుగా మరో మాట కలిపింది. "నా పక్కన కూర్చుని చక్కగా జాకెట్లు కుట్టుకోవే అంటే విన్నావు కాదు. నిప్పురవ్వల మధ్య ఏం పనే అది!"

"మళ్ళీ మొదలెట్టకమ్మా."

సెలవు రోజు ముగ్గురూ నర్సరీకి వెళ్ళారు. ఇన్నాళ్ళూ పై అంతస్తుల అద్దె గదుల్లో బతికిన కుటుంబం కాబట్టి కుండీ మొక్క తప్ప మరొకటి ఎరగరు. నర్సరీ ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, తడి మట్టి చేతులతోనే ఎదురొచ్చి నవ్వింది. గేటు ఎటువైపు ఉంది, ఎండ ఎంతసేపు పడుతుంది, కొమ్మలు కత్తిరించే ఓపిక ఎవరికుంది అని వరసగా అడిగి, పాకే గులాబీలున్న మూలకి తీసుకెళ్ళింది.

అమ్మ చెయ్యి నేరుగా ఎర్రటి ముద్దపువ్వు మీదికి వెళ్ళింది. "ఇదిగో, ఇది! వీధి చివర్నుంచి కనపడుతుంది."

"మంచి రకం పిన్నిగారూ. రెండేళ్ళు తిరిగేసరికి కమాను మొత్తం ఎక్కేస్తుంది."

"మొత్తమా?" అన్నాడు నాన్న. "అయితే వద్దు."

తెల్లటి గుత్తులు పూసేది చూపించింది. దానికి జోరెక్కువ, గోడ దాటి పక్కింటి వాళ్ళ డాబా మీదికీ పోతుందట. నాన్న తల అడ్డంగా ఊపాడు. తర్వాత లేత గులాబీ రంగుది ఒకటి వచ్చింది. ఆయన వంగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు వాసన పీల్చాడు. లేచేసరికి మొహం విచ్చుకుని ఉంది. ఇక ఇదే ఖాయమనుకుని అమ్మ చేతిసంచీ విప్పింది కూడా.

"ఇది గుబురుగా పెరుగుతుందామ్మా?"

"ఎంత గుబురంటే బాబాయిగారూ, లోపల ఇనుముందని చెబితే తప్ప తెలీదు."

నాన్న ఆ కుండీని, నిద్రపోయే పిల్లని పక్క మీద దించినట్టు జాగ్రత్తగా, ఉన్నచోటే పెట్టేశాడు. "వద్దులే."

అమ్మకి ఒళ్ళు మండింది. "ప్రతిదానికీ వంకేనా? ఆవిడకి వేరే పనుండదా?"

అమ్మాయి అప్పటిదాకా ఓర్చుకుంది. ఇక వల్ల కాలేదు. "ఆయనకేదీ నచ్చదమ్మా. కమానూ నచ్చలేదు, గులాబీ నచ్చలేదు. ఇంటికి పోదాం పదండి."

నాన్న నిజంగానే తెల్లబోయాడు. "కమాను నచ్చలేదని ఎవరన్నారు?"

"నచ్చిందని కూడా ఎవరూ అనలేదుగా!"

పక్కన మొక్కలు చూసుకుంటున్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. నాన్న వాళ్ళని పట్టించుకోలేదు. మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే బయటికి తీసినట్టు మొదలుపెట్టాడు.

"నేను పొద్దస్తమానం లిఫ్టు తలుపు చూస్తూ బతికానమ్మా. ఇనుప తలుపు. దాని మీద అతుకులు లావుగా, గడ్డలు గడ్డలుగా ఉండేవి. చూడటానికి ఇంకేం లేక వాటినే చూసేవాణ్ణి. ఇంత పెద్ద భవనం కట్టినవాళ్ళకి ఒక్క అతుకు నునుపుగా చేసే మనిషి దొరకలేదా అనుకునేవాణ్ణి. మొన్న నీ కమాను మీద వేలు పెట్టి చూశా. నువ్వు ఎక్కడ అతికావో నాకు దొరకలేదు. మళ్ళీ చూశా. దొరకలేదు. మర్నాడు పొద్దున నువ్వు పనికెళ్ళాక స్టూలేసుకుని పైదాకా చూశా."

"అందుకా స్టూలు గేటు దగ్గరుంది!" అంది అమ్మ.

"ఆ ఆకులకి ఈనెలు కూడా పెట్టింది, చూశావా నువ్వు?" అని భార్యని అడిగి, నర్సరీ ఆవిడ వైపు తిరిగాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఇంట్లోవాళ్ళకే తెలియదు. "అది మా అమ్మాయి చేతి పనమ్మా. దాన్ని దాచేసే మొక్క నాకొద్దు. పువ్వు పక్కన తోడుగా ఉండాలి గానీ దుప్పటి కప్పినట్టు ఉండకూడదు. అలాంటిదుంటే ఇయ్యి."

అమ్మాయి ఎండ కళ్ళల్లో పడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నర్సరీ ఆవిడ వెనక షెడ్డులోంచి ఒక మొక్క మోసుకొచ్చింది. సన్నటి కొమ్మలు, ఎడం ఎడంగా ఆకులు, కొసన పండిన నేరేడు గుజ్జు రంగులో ఒకే ఒక్క చిన్న పువ్వు. "ఇది బక్కప్రాణి. అందరూ గుబురే అడుగుతారు కాబట్టి దీని మొహం చూసేవాళ్ళు లేరు. స్తంభాన్ని చుట్టుకుని పలచగా పైకి పోతుంది. ఒక్కసారే విరగబూసి ఊరుకోదు, విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. కొమ్మల్ని నిటారుగా వదలకుండా ఏటవాలుగా వంచి కట్టుకోండి, అప్పుడు కింది నుంచీ పూస్తుంది."

"ఇంత చిక్కిపోయిన మొక్కా!" అమ్మ పువ్వు దగ్గర ముక్కు పెట్టింది. "వాసన కూడా దగ్గరికొస్తేనే తెలుస్తోంది." మళ్ళీ తనే అంది. "పోనీలే. మన కమాను చూడాలన్నా దగ్గరికి రావాల్సిందేగా."

వెల్డింగు గురించి ఏనాడూ మంచిమాట అనని అమ్మ నోట 'మన కమాను' అని వినేసరికి అమ్మాయి ఫక్కున నవ్వింది.

మొక్కని ఆ సాయంత్రమే స్తంభానికి జానెడు ఎడంగా నాటారు. కట్టడానికి అమ్మ తన గుడ్డ పేలికలు ఇచ్చింది, అవి కూడా ఆకుపచ్చవే ఏరి మరీ. కొత్త కొమ్మ వచ్చినప్పుడల్లా అమ్మాయి దాన్ని వంచి స్తంభానికి చుట్టేది. ఆమె లోపలికి వెళ్ళాక నాన్న వచ్చి, ఏ ఇనుప ఆకుకైనా అడ్డం పడిందేమో చూసి, పడితే పక్కకి జరిపి కట్టేవాడు. "కొమ్మ నలిగిపోతుంది నాన్నా" అంటే, "మొక్క సర్దుకుంటుందిలే, ఇనుము సర్దుకోలేదుగా" అనేవాడు.

మొదటి ఏడు నాలుగు పువ్వులు పూసి ఊరుకుంది. రెండో ఏడు కొమ్మలు భుజాలెత్తి విల్లు దాకా చేరాయి. నల్లటి ఇనుప ఆకుల మధ్య, పచ్చటి ఆకుల మధ్య, ఆ రంగు పువ్వులు అక్కడొకటి ఇక్కడొకటి తొంగిచూసేవి. వీధిలో పోయేవాళ్ళు ఆగడం మొదలైంది. నాన్న కుర్చీ వరండాలోంచి గేటు దగ్గరికి మారింది.

"ఎంత బాగున్నాయండీ పువ్వులు!"

"పువ్వులకేం, పూస్తాయి. కమాను చూడండి. వేలు పెట్టి చూడండి పర్లేదు."

"ఎక్కడ కొన్నారేంటి?"

"కొనడమా! మా అమ్మాయి చేసింది." ఆ తర్వాత రేకు ఎలా కాల్చాలో, ఈనెలు ఎలా కొట్టాలో, అతుకు ఎలా అరగదీయాలో చెప్పేవాడు. ఆయనకివన్నీ ఎప్పుడు తెలిశాయో అమ్మాయికి అంతుపట్టలేదు. అమ్మ మాత్రం, "ఇన్నేళ్ళ మాటలు దాచుకుని దాచుకుని అన్నీ ఈ గేటు దగ్గరే ఖర్చు పెడుతున్నారు" అని మురిసిపోతూనే విసుక్కునేది.

మొక్క ఎలా ఉందో చూడ్డానికి ఒకరోజు నర్సరీ ఆవిడ కూడా వచ్చింది. గులాబీని ఒకసారి, కమానుని చాలాసార్లు చూసింది. "మా నర్సరీ ముందర ఇంతకి రెండింతలది కావాలమ్మాయ్. చేస్తావా?" అని అడిగింది. అమ్మాయి నోరు తెరిచేలోపే వరండాలోంచి అమ్మ జవాబు వచ్చింది. "ఎందుకు చెయ్యదూ! బ్రహ్మాండంగా చేస్తుంది."

ఆ పెద్ద కమాను పని సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం నాన్న మొదటిసారి వర్క్‌షాపుకి వెళ్ళాడు. గుమ్మం దగ్గర, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, లోపల నీలంగా మెరుస్తున్న వెలుగు వైపు చూస్తూ నిలబడిపోయాడు. గ్రైండరు పట్టుకున్న పనివాడొకడు వచ్చి, "ఎవరు కావాలి పెద్దాయనా?" అని అడిగాడు.

నాన్న చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఎవరూ అక్కర్లేదు బాబూ. లోపల వెల్డింగు చేస్తోందే, ఆవిడ నాన్నని."