ఆవకాయ అన్నారు

కిరీటి తనను నిలువునా ముంచాడన్న మాట తలచుకోకుండా వీరభద్రరావు చేతిలో ఒక్క సీసా మూతా బిగుసుకోదు. బేస్‌మెంట్‌లో నిలబడి, నూనె కారిన అంచులు గుడ్డతో తుడుస్తాడు. ఎనిమిదో తరగతిలో బడి మానినప్పటి నుంచీ గరిటె పట్టి కాయలు కాచిన అరచెయ్యి, కారం మరకలు వదలని గోళ్లు. తుడిచిన సీసాను బల్ల మీద ఠక్కున పెడతాడు, కిరీటి నెత్తిన మొట్టినట్టు.

కెనడాలోని విండ్సర్‌లో గదికి నలుగురైదుగురు చొప్పున మనవైపు పిల్లలు దిగుతున్న కాలం అది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చిన కిరీటి, స్టూడెంట్ల కష్టం తీర్చే కంపెనీ పెడదాం బాబాయ్ అన్నాడు. ఏ కష్టమో వాళ్లనే అడుగుదామని హాలు తీసుకుని భోజనాలు పెట్టించాడు. వంట వీరభద్రరావుదే. పిల్లలు ఆవకాయ కలుపుకుని తింటుండగా కిరీటి మైకు పట్టుకుని, ఇక్కడ మీకు లేనిదేమిటని అడిగాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి ఎవరో, "ఇలాంటి ఆవకాయ లేదన్నా" అన్నారు. హాలంతా నవ్వింది. ఇక అందరిదీ అదే పాట. గరిటెతో నిలబడ్డ వీరభద్రరావుకు కళ్లు చెమర్చాయి. ఆ వారమే పొలం బేరం పెట్టమని తమ్ముడికి ఫోన్ చేశాడు.

పచ్చళ్లమ్మే యాప్ వచ్చింది, పొలం డబ్బుతో వ్యాను వచ్చింది. ఆర్డర్లే రాలేదు.

ఒక మధ్యాహ్నం ఊరి బయట కొట్లో సీసాలు వేసి, ఒక్క సీసా మిగిలిన ఖాళీ వ్యానుతో తిరిగొస్తున్నాడు. గోదాముల రోడ్డు మీద పిల్లలు మంచులో తలలు వంచుకుని నడుస్తున్నారు. ఒకడు చెయ్యి ఊపాడు. రోజూ ఎవరో ఒకరు ఊపుతారు. మనుషుల్ని ఎక్కించుకోవద్దు, ఇన్సూరెన్స్ గొడవ అని కిరీటి ముందే చెప్పాడు. లొట్టలేసుకుంటూ తిని, కొనాల్సి వచ్చేసరికి మొహం చాటేసినవాళ్లకు తనతో పలకరింపులేమిటని ఇతని మంట. హారన్ కొట్టి దాటేశాడు.

ఇంటి ముందు ఆగేసరికి కిరీటి ఫోన్. టొరంటోలో జాబ్ వచ్చిందట, కంపెనీ మూసేస్తున్నాడట.

"మనం రాంగ్ ప్రాబ్లమ్ పట్టుకున్నాం బాబాయ్. స్టార్టప్ అంటే ఇదంతా మామూలే. మంచి లెర్నింగ్."

"నేర్చుకుంది నువ్వు. పోయింది నా పొలం."

అప్పటికే అవతల లైన్ కట్టయింది.

మెట్ల మీద, పై గదిలో ఉండే స్టూడెంటు రూప సూట్‌కేసులతో నిలబడి ఉంది. వేరే ఊరు, రెజైనా వెళ్లిపోతున్నానంది. వీరభద్రరావు వ్యాన్‌లో మిగిలిన సీసా తీసి ఆమె చేతిలో కుక్కాడు.

"వద్దంకుల్, వెయిట్ ఎక్కువైపోద్ది."

"ఆ రోజు హాల్లో నువ్వూ ఆవకాయే అన్నావుగా."

"పచ్చళ్లు అందరం ఇంటి నుంచే తెచ్చుకుంటాం అంకుల్. వండినాయన గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడితే ఇంకేమంటాం?"

"మరేం కావాలే మీకు?"

రూప వ్యాను వైపు చూసింది. "గోదాముల్లో షిఫ్ట్ అయ్యాక నడిచే వస్తాం. మీ వ్యాను ఖాళీగా పోతుంటే చెయ్యి ఊపేవాళ్లం. రెజైనాలో పనికి బస్సుందట."

ఆమె స్నేహితురాలి కారు వచ్చింది. రూప సీసాను మెల్లగా మెట్టు మీద పెట్టి, వస్తానంకుల్ అని వెళ్లిపోయింది.

గోడకేసి కొడదామని వీరభద్రరావు సీసా ఎత్తాడు. చెయ్యి రాలేదు. తెచ్చి వ్యాను ముందు సీట్లో పడేశాడు.

కైకలూరు పక్కన, కాలవ కింద అమ్మేసిన ఎకరం పన్నెండు సెంట్లు, మూత తియ్యని సీసాగా ఆ ఖాళీ సీట్లో కూర్చుంది.