గొడుగవ్వ ఊరకే ఉన్న ముఖం

గొడుగవ్వకు కొత్త ముఖం వచ్చింది. పిల్లల కోసం మేం తీసే యానిమేషన్ సీరియల్లో గొడుగులు బాగుచేసే ముసలావిడ ఆమె. పాత బొమ్మ కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొరాయిస్తోందని మళ్లీ చేయించారు. చర్మం కింద ఎముకల్లా పనిచేసే ఏర్పాటును మేం రిగ్ అంటాం. దాన్ని నేను బిగించాను. ఇక పాత ముఖంలోని నలభై రెండు పోజుల్ని కొత్త ముఖానికి ఎక్కించాలి. నవ్వు, అలక, తుమ్మబోయే ముందు క్షణం, అన్నీ.

ఆ పాత బొమ్మా, ఆ పోజులూ మా ఆవిడ చేసినవే. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె కుర్చీలో ఇప్పుడు మేమంతా పిచ్చుక అని పిలిచే అమ్మాయి కూర్చుంటుంది. కొత్త బొమ్మ చేసింది ఆ పిల్లే. కాళ్లు నేలకు ఆనకపోయినా కుర్చీ ఎత్తు మాత్రం మార్చలేదు. అడిగితే, "అలవాటైపోయింది బాబాయ్" అంటుంది.

పొద్దున్నే పోజులు ఎక్కించాను. లెక్క ప్రకారం ఒక్కటీ తప్పలేదు. పిచ్చుక నా భుజం మీదుగా తొంగిచూసింది.

"అవ్వకి పన్ను నొప్పా బాబాయ్?"

"నవ్వుతోందమ్మా. పదిహేడో నంబరు."

"చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టుంది."

డైరెక్టరమ్మ కూడా వచ్చి చూసింది. "మాస్టారూ, భోజనాల దాకా చూడండి. కుదరకపోతే పోజులన్నీ కొత్తగా చేయించేద్దాం. మీరేమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందమ్మా" అన్నాను.

చాలానే ఉంది. కొత్తగా చేయిస్తే తెరమీద మా ఆవిడ చేతిపని ఇక ఎక్కడా మిగలదు.

కుడి ఎడమలు తారుమారయ్యాయేమో చూశాను. కొలతలు చూశాను. ఒక్కో పోజునీ విప్పి మళ్లీ ఎక్కించాను. అవ్వ అదే మొహమాటపు నవ్వు నవ్వింది. పన్నెండు దాటింది.

పిచ్చుక టీ తెచ్చి నా పక్కన పెట్టి, పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ తన తెర మీద పక్కపక్కన నిలబెట్టింది. ఏ పోజూ వేయలేదు. అన్నీ సున్నా.

"బాబాయ్, ఓ మాట అడగనా? తప్పయితే తిట్టండి. ఈ పాతావిడ ఊరకే ఉండి కూడా నవ్వుతోందేంటి?"

కళ్లజోడు తుడుచుకుని దగ్గరికి వెళ్లాను. పాత అవ్వ పెదవుల చివర్లు వెంట్రుకవాసి పైకి ఉన్నాయి.

పోజు అంటే ఊరకే ఉన్న ముఖం నుంచి ఎంత కదిలిందన్న తేడా మాత్రమే. నేను తేడాల్ని మోసుకొచ్చాను. అవి ఎక్కడ మొదలయ్యాయో చూడలేదు. ఊరకే ఉన్న ముఖంలో ఏ భావమూ ఉండకూడదని మా పనిలో నియమం. మా ఆవిడకు అది చెప్పింది నేనే. "ఊరకే ఉన్న ముఖమంటే చచ్చిన ముఖం కాదుగా" అని వాదించి, చివరికి "సరే లెండి" అంది. సరిచేసిందనుకున్నాను. పదకొండేళ్లు నా పక్క టేబుల్ మీదే నడిచిందీ మోసం.

కొత్త అవ్వ పెదవుల చివర్లను పిచ్చుక అంతే ఎత్తింది. దాన్నే సున్నాగా పెట్టి పోజులు మళ్లీ ఎక్కించాను. పదిహేడో నంబరు నొక్కగానే అవ్వ మనస్ఫూర్తిగా నవ్వింది. ఆ తర్వాత కోపం పోజు వేశాను. కనుబొమలు ముడిపడ్డాయి, ముక్కుపుటాలు అదిరాయి, అడుగున ఆ వెంట్రుకవాసి నవ్వు అలాగే ఉంది. మా ఆవిడ నా మీద కోప్పడినప్పుడూ అంతే ఉండేది. దాన్ని పట్టి చూపించిన పిచ్చుక పక్కనే ఉండడం నా అదృష్టం.

భోజనానికి వెళ్తూ డైరెక్టరమ్మ ఆగింది. "హమ్మయ్య, మన అవ్వే. ఏం చేశారు?"

"రూలు తప్పాం మేడమ్" అంది పిచ్చుక.

"ఇంకెవరికీ చెప్పకండి" అని ఆవిడ క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయింది.

మా తర్వాత ఈ ముఖాన్ని ముట్టుకునేవాళ్ల కోసం ఫైల్లో ఒక గమనిక రాశాను: "పెదవుల చివర్లు పొరపాటు కాదు. సరిచేయవద్దు." చేసినవారి పేరు రాయాల్సిన చోట మా ఆవిడ పేరు ముందు రాసి, పక్కన పిచ్చుక పేరు చేర్చాను.

పిచ్చుక అది చదివి, కాళ్లూపుకుంటూ తన టీ తాగింది.