తాళం వేసిన బీరువాలో ఓపెన్ ఫోన్

నేను ఒక ఓపెన్ ఫోన్‌ని. ఓపెన్ అంటే ఏమిటో ముందే చెప్పేస్తాను. నా వెనక మూత గోటితో ఊడుతుంది. లోపల మైకుకి, కెమెరాకి వేరువేరు బుల్లి స్విచ్‌లున్నాయి. వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు. నాలో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలన్నది కొన్నవాళ్ళ ఇష్టం, చేసినవాళ్ళది కాదు. సముద్రం అవతల ఫ్యాక్టరీలో నన్ను బిగించినావిడ మరలన్నిటినీ కొంచెం వదులుగానే ఉంచింది. ఎవరో ఒకరు మళ్ళీ విప్పుతారని ఆవిడ నమ్మకం.

ఆవిడకి మా కాలేజీ తెలీదు.

ఒక జిల్లా కేంద్రంలో ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్ నన్ను తెప్పించింది, ఏదో ప్రాజెక్టు పేరు చెప్పి, మార్చి నెలాఖరు హడావిడిలో. డబ్బా విప్పారు. ఫొటో తీశారు. నా వీపు మీద తెల్ల పెయింటుతో నలభై ఏడు నంబరు వేశారు, సరిగ్గా మూత ఊడే చోట, పెయింటు సందులోకి కారి ఎండిపోయేట్టుగా. స్టాక్ రిజిస్టర్‌లో "మొబైల్ ఫోన్, ఓపెన్, ఒకటి" అని ఎక్కించి, పక్కన ఆ ఫొటో అంటించారు. తర్వాత బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండున్నరేళ్ళు. పక్కన కరెంటు కొలిచే మల్టీమీటర్ ఒకటి ఉండేది, దానికి సీలు కూడా విప్పలేదు. నాకు ఒళ్ళు మండుతుండేది. మల్టీమీటర్‌కి అలవాటైపోయింది.

తాళంచెవి వీరభద్రం సార్ దగ్గరుండేది. ఆయన ల్యాబ్ ఇన్‌ఛార్జి. చెడ్డమనిషి అని చెప్పగలిగితే నా పని తేలికయ్యేది. కాదు. పిల్లల్ని ఏనాడూ కసరలేదు. ఆయన భయమల్లా తన సంతకం కింద ఉన్న వస్తువు పోతుందేమో, మారుతుందేమోనని. తెరవకపోతే పోదు. వాడకపోతే మారదు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క వస్తువూ పోలేదని చెప్పుకునేవాడు. ఒక్కటీ వాడలేదని మాత్రం ఎవరూ అనలేదు.

నన్ను బయటికి తీయించింది ఆమని, ఆఖరి ఏడాది డిప్లొమా పిల్ల. తన ప్రాజెక్టు నా మీదే చేస్తానని మూడు వారాలు సార్ చుట్టూ తిరిగింది. చివరికి ఆయన ఒక లెటర్ రాయించుకుని, ల్యాబ్ గది దాటించకూడదన్న షరతు మీద ఇచ్చాడు.

నాలో లినక్స్, అంటే ఎవరైనా విప్పి మార్చుకోగల సాఫ్ట్‌వేర్, ఎక్కించాలంటే ఇన్‌స్టాలర్ కావాలి. కొత్త ఇంట్లో దిగేటప్పుడు ఏ సామాను ఎక్కడ పెట్టాలో అడిగి సర్దిపెట్టే మనిషి ఉంటే ఎలా ఉంటుందో, ఇన్‌స్టాలర్ ఆ పని చేసే ప్రోగ్రాం. ఆమని ఎంచుకున్న లినక్స్‌కి ఒకటుంది, కానీ కంప్యూటర్ల కోసం రాసింది. ఫోన్లో ఎక్కించాలంటే పక్కన కంప్యూటర్ ఉండాలి, దానికో వైరు ఉండాలి. ఆమని క్లాసులో నలభై మందికీ ఫోన్లున్నాయి. ల్యాప్‌టాప్ ఉన్నది ఆరుగురికి. ఆమె ఆ ఆరుగురిలో లేదు. అందుకే ఆమెకి పంతం: ఒక మెమరీ కార్డు నాలో దూర్చి, నా తెర మీదే, వేలితోనే మొత్తం అయిపోవాలి.

మొదటిరోజు ఆ ఇన్‌స్టాలర్ నా తెర మీద పడకేసినట్టు అడ్డంగా వచ్చింది. "తరువాత" అనే బటన్ తెర అంచు దాటి ఎక్కడో గాల్లో ఉండిపోయింది. కొనసాగడానికి ఎంటర్ నొక్కమంది. నాకు ఎంటర్ ఏది? ఉన్నవి పక్కన మూడు మీటలు. దాన్ని రాసినవాళ్ళ ధీమా చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది. లోకంలో అందరికీ బల్ల, కుర్చీ, కీబోర్డు ఉంటాయని వాళ్ళ లెక్క. ఏ డిస్కు తుడిచెయ్యాలని అడిగి, జాబితాలో మొదటి పేరుగా, తాను ఎక్కి కూర్చున్న కార్డునే చూపించింది. ఆమని దాన్నే నొక్కింది. కూర్చున్న కొమ్మనే నరుక్కుని, నలభై శాతం దగ్గర ఇన్‌స్టాలర్ ఊపిరి వదిలింది.

"నీ మొకం మండ, నువ్వన్న చెప్పొచ్చు గదనే," అంది నాతో. రెండున్నరేళ్ళలో నాతో ఎవరైనా మాట్లాడటం అదే మొదలు.

ఆరు నెలలు పట్టింది. తెర నిలబడింది. బటన్ బొటనవేలికి అందింది. కార్డు పేరు జాబితాలోంచి పోయింది. ల్యాబ్ కంప్యూటర్లకి ఒక రోగం పెట్టారు: పిల్లలు పాడుచేస్తారని, ఆపితే చాలు, అందులో దాచిందంతా చెరిగిపోయి మొదటిరోజులా లేస్తాయి. పెన్‌డ్రైవ్‌లు నిషేధం. అందుకని ఆమని రాసిందంతా నాలోనే దాచుకుని, వీలున్నప్పుడు కార్డులోకి ఎక్కించేది. ఆఖరి చిక్కు పాస్‌వర్డ్ పేజీ దగ్గర వచ్చింది. అక్కడ తెర మీద కీబోర్డు లేచేది కాదు. పాస్‌వర్డ్ కొట్టలేకపోతే మిగతాదంతా దండగ. పదిహేను రోజులు కుస్తీ పట్టి లేపింది. అది ఇంకా నాలోనే ఉంది, కార్డుకి చేరలేదు. వైవా శనివారం.

బుధవారం వీరభద్రం సార్ నన్ను అడిగి తీసుకున్నాడు, చూసి ఇస్తానని. సోమవారం స్టాక్ వెరిఫికేషన్. నెలాఖరుకి ఆయన రిటైర్మెంట్. రిజిస్టర్ ఫొటోలో నా తెర మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీలం కొండ బొమ్మ ఉంది. ఇప్పుడు తెలుగు అక్షరాలున్నాయి. ఆయనకి చెమటలు పట్టాయి. తనే పెట్టిన షరతు తనే మర్చిపోయి, గది దాటించి, బస్టాండ్ దగ్గర సెల్ షాపుకి పట్టుకెళ్ళాడు. షాపతను నాలాంటిదాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఇంటర్నెట్‌లో వెతికి, నీలం కొండ తెచ్చిపెట్టాడు. నాలో ఉన్న ఆరు నెలల పని పదకొండు నిమిషాల్లో పోయింది.

గురువారం ఆమనికి ఆయనే చెప్పాడు, కిటికీ మూశానని చెప్పినంత మామూలుగా.

"సామాను ఎట్ల తీసుకున్నమో అట్లనే అప్పజెప్పాలె బిడ్డా."

"ఒక్కమాట అడగకపోయిన్రా సార్," అంది ఆమె.

షాపులో నాలోంచి ఊడదీసిన కార్డుని ఆయన జేబులోంచి తీశాడు. "ఇది రిజిస్టర్ల లేదు. మాది గాదు. తీస్కో."

ఆయన పుణ్యం కాదది, రిజిస్టర్ పుణ్యం. అందులో ఎక్కి ఉంటే కార్డు కూడా తుడిచేవాడే.

ఆమని ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, తెరకి చీటీ అంటించింది: "దీన్ని ఆపొద్దు. ఆపినోళ్ళ సంగతి చూస్త." కీబోర్డు ముక్క మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. యూపీఎస్ ఉంది, రిజిస్టర్‌లో కూడా ఉంది. దానికి బ్యాటరీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం ట్యూబ్‌లైట్లు ఒక్కసారి రెప్పవేశాయి. ఆమె రెండు చేతులతో కంప్యూటర్‌ని పట్టుకుంది, పట్టుకుంటే కరెంటు పోకుండా ఉంటుందన్నట్టు. పోలేదు. సాయంత్రానికి పని ఆమె సొంత ఫోన్ మీదుగా కార్డుకి చేరింది. నడుస్తుందో లేదో నామీద చూసుకునే వీల్లేదు. సార్ నన్ను వైవా దాకా ఇవ్వనన్నాడు.

శనివారం మార్కులు వెయ్యడానికి వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ మేడం వచ్చింది. నన్ను వెలిగించింది. నీలం కొండ. ఇందులో నువ్వు చేసిందేముందని అడిగింది.

"ఏం లేదు మేడం. మొత్తం తుడిచిన్రు," అంది ఆమని, కార్డు నాలో దూరుస్తూ. "ఇన్‌స్టాలర్‌కి ఖాళీ ఫోనే గద కావాల్సింది. నేను ముట్టుకోను. సార్ చేస్తడు."

వీరభద్రం సార్ రిజిస్టర్ వైపు చూశాడు. మేడం కానివ్వమంది. ఆయన వేలు తడిగా ఉంది. తరువాత, తరువాత అనుకుంటూ వచ్చి, ఫోన్ మొత్తం తుడిచెయ్యాలా అన్న పేజీ దగ్గర ఆగిపోయాడు.

"నొక్కాల్నా?"

"ఒకపారి నొక్కిచ్చిన్రు గద సార్. ఇంకోపారి నొక్కుండ్రి."

నొక్కాడు. పాస్‌వర్డ్ పేజీ వచ్చింది. ఆమని చేతులు వెనక్కి కట్టుకుంది. కీబోర్డు లేచింది. ఆయన ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పదహారు నిమిషాల తర్వాత నేను తెలుగులో నమస్కారం పెట్టాను. వైరు ఎక్కడ అని మేడం బల్ల కింద చూసింది. ఫోన్లు తప్ప ఏమీ లేని పిల్లల కోసం రాసిందాన్ని, ఫోను మాట్లాడటం తప్ప ఏమీ తెలియని మనిషి పూర్తిచేశాడు. ఆమని పాసయ్యింది, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులతో.

ఆదివారం సార్ నన్ను మళ్ళీ సెల్ షాపుకి తీసుకెళ్ళాడు. షాపతను ఈసారి ఎనిమిది నిమిషాల్లో ముగించాడు, చెయ్యి తిరిగింది కదా. సోమవారం కమిటీ వాళ్ళు నీలం కొండని ఫొటోతో పోల్చి, నా పేరు ఎదురుగా "పరిస్థితి: బాగుంది" అని రాశారు. మల్టీమీటర్‌కీ అదే రాశారు.

నెలాఖరున, ల్యాబ్‌కి ఏ సామానూ బాకీ లేదన్న సంతకం కోసం ఆమని వచ్చింది. సార్ సంతకం పెట్టి, కాస్త మొహమాటపడుతూ, తన సొంత ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నా దాంట్ల గూడ గది ఎక్కియ్యరాదు బిడ్డా? నువ్వే చెయ్యి, నేను చూస్త."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గోరు దూరే సందు లేదు.

"ఇది ఒప్పుకోదు సార్. కంపెనీ లోపల తాళమేసింది."

"కొన్నది నేను గదా."

"కొన్నది మీరే సార్. తాళంచెవి ఆళ్ళ దగ్గరుంది."

ఆయన కుడిచేతిలో బీరువా తాళంచెవి ఉంది. అప్పజెప్పే లెక్క చూసుకోడానికి బయటికి తీసిన నేను ఎడమచేతిలో ఉన్నాను. ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఆ క్షణం నాకు కోపం కూడా ఆగిపోయింది.

తర్వాత నన్ను మల్టీమీటర్ పక్కన పెట్టి తలుపు మూశాడు. తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశాడు.