బాంబెర్గ్ దాకా

సాయంత్రం ఏడింటికి హామిల్టన్ ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి కిరణ్మయి కారెక్కిందో లేదో ఫోన్ మోగింది. తల్లి మంగతాయారు. పది గంటలు వెనకుండే జర్మనీలో అప్పుడు పొద్దున తొమ్మిది.

"అమ్మాయ్, నాన్నగారు రైల్లో వెళ్లిపోయారే!"

ఆమె తల్లిదండ్రులు హామిల్టన్‌లో ఆమె దగ్గరే ఉంటారు. పది రోజుల టూర్‌కి యూరప్ వెళ్లారు. తండ్రి రామలింగేశ్వరరావుకి మతిమరుపు జబ్బు మొదలై ఏడాదైంది. గుంపుతోనే ఉండండని ఆమె పదిసార్లు చెప్పి పంపింది. ఆ రోజు న్యూరెంబర్గ్‌లో టూర్ వాళ్లు ఎవరిష్టానికి వాళ్లని వదిలేశారు. బాంబెర్గ్ అనే పాత ఊళ్లో నది మధ్యలో టౌన్ హాలు కట్టారని టిఫిన్ దగ్గర ఎవరో అన్నారట. ముప్పయ్యేళ్లు నీటిపారుదల శాఖలో చేసిన మనిషి, "పునాది ఎలా వేశారో చూడాలి" అన్నాడు. అరగంటలో ఇద్దరూ స్టేషన్‌లో ఉన్నారు.

"నువ్వెక్కడున్నావమ్మా?"

"ఎర్లాంగెన్ అంట. ఇదే బాంబెర్గేమో అడుగుదామని దిగాను, తలుపులు పడిపోయాయి. మళ్లీ రైలు అరగంటకి. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

కిరణ్మయి మూడుసార్లు చేసింది. నాలుగోసారి ఎత్తాడు.

"నాన్నా, ఎక్కడున్నారు?"

"రైల్లో. మీ అమ్మ ఇప్పుడే వస్తానంది. విజయవాడ ఇంకా రాలేదు."

విజయవాడ రైలెక్కాననుకుంటున్నాడు. కాదంటే కోపమొచ్చి ఎక్కడ పడితే అక్కడ దిగిపోతాడు.

"పక్కన ఎవరైనా ఉంటే ఫోన్ ఇస్తారా?"

"ఎందుకు? నాకేమైంది?"

"మీకేం కాలేదు. నాకే ఓ సాయం కావాలి."

ఆయన ఫోన్ పక్క సీటుకి అందించాడు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. కిరణ్మయి ఇంగ్లీషులో గబగబా అంతా చెప్పింది.

"నేను బాంబెర్గ్ కంటే ముందు స్టేషన్‌లోనే దిగాలి," అందావిడ.

"ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, ప్లీజ్," అంది కిరణ్మయి.

"సరే, బాంబెర్గ్ దాకా వస్తాను. మీ అమ్మగారు వచ్చేవరకూ కూర్చుంటాను."

లైన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఫోన్ ఆఫ్. కారు అద్దాలకి లోపల ఆవిరి పట్టింది. ఆవిడ నిజంగా ఉంటుందా? ఈయన ఉండనిస్తాడా? "అన్నం వడ్డించనా?" అని భర్త గిరిధర్ మెసేజ్ పెట్టాడు. ఆమె తల్లికి ఫోన్ చేసి, బాంబెర్గ్‌లో దిగమని చెప్పింది.

గంట తర్వాత తల్లి ఫోన్.

"దొరికారే! బెంచీ మీద కూర్చుని ఆవిడకి కాలవల గురించి చెప్తున్నారు, తెలుగులో. ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను."

"ఇక చాలమ్మా. వెంటనే వెనక్కి రైలెక్కండి."

"ఎక్కం."

"అమ్మా!"

"వచ్చే ఏడాదికి నన్నే గుర్తుపడతారో లేదో. ఇవాళ అడిగింది ఇవాళే చూపిస్తాను. చేయి వదలనులే."

ఆ జబ్బు ఎలా ముదురుతుందో కిరణ్మయి వార్డులో రోజూ చూస్తుంది.

"గంటకోసారి ఫోన్ చెయ్యి," అంది.

తాళం తిప్పబోయింది. మళ్లీ తీసి పక్కన పెట్టింది. గిరిధర్‌కి ఫోన్ చేసింది.

"నన్నొచ్చి తీసుకెళ్తావా? డ్రైవ్ చేయలేను."