నిలబడటం నేర్చుకున్నాను

ముప్పై ఒక్క ఏళ్ళు మైసూరు–మడికేరి బస్సు నడిపాను. ఘాట్ రోడ్డులో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. రిటైరైన ఆరు నెలలకే నడుం కూడా పట్టేసింది. మంచం మీంచి లేవాలంటే నా భార్య సాకమ్మ చెయ్యి అందించాల్సిందే.

"మందులు సరే గౌడగారూ, మెల్లగా యోగా మొదలుపెట్టండి," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి చెబితే సాకమ్మ నవ్వింది. "దానికి ఊరంతా వెతకాలా? వంటింట్లో ఉప్పిట్టు చేస్తున్నదెవరు?"

ఉప్పిట్టు, అదే ఉప్మా, చేస్తున్నది మా కోడలు సహన. రోజూ పొద్దున్నే సరస్వతీపురం పార్కు పక్క హాల్లో యోగా చెప్పి వస్తుంది. పెళ్ళయి ఐదేళ్ళయినా నేను ఆ గుమ్మం తొక్కలేదు. నలుగురు ఆడవాళ్ళు చేరి చేతులూపుతారులే అనుకునేవాణ్ణి.

"కోడలి ముందు కాళ్ళు పైకెత్తి పడుకోమంటావా? నా వల్ల కాదు."

"అయితే ఇలాగే వంగి తిరుగు. మర్యాదగా ఉంటుంది," అంది సాకమ్మ.

సహన వినే ఉంటుంది. ఉప్పిట్టు ప్లేటు తెచ్చిచ్చింది.

మర్నాడు యూనియన్ ఆఫీసులో పనుందని చెప్పి బస్సెక్కాను. ఊరికి ఆ చివర హెబ్బాళలో మాదేశ్ అనే అతను కొత్తవాళ్ళకి యోగా చెప్తాడని తెలిసింది. మొదటిరోజు నన్ను నిలబడమన్నాడు.

"నిలబడే ఉన్నాను కదయ్యా."

"లేదు గౌడగారూ. బరువంతా కుడికాలి మీదే ఉంది. ఎడమకాలు ఇంకా క్లచ్ కోసం వెతుకుతోంది."

అందరూ నవ్వారు. ఒళ్ళు మండింది. కిందకి చూసుకుంటే మాత్రం అతనన్నది నిజమే. ఎడమ మడమ నేలకి ఆనడమే లేదు. రెండు మడమలూ ఆనించి, కాలివేళ్ళు విప్పి, ఐదు నిమిషాలు నిలబడేసరికి చెమట్లు పట్టాయి. ఇన్నేళ్ళు కూర్చుని సంపాదించినవాణ్ణి, నిలబడటం ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలీదు.

రెండో వారం గోడకి చేతులానించి వంగమన్నాడు. నేను పంతంకొద్దీ ఇంకా కిందకి వంగబోయాను. మాదేశ్ ఆపాడు.

"ఎవర్ని ఓవర్‌టేక్ చేస్తున్నారు? ముందర బండే లేదు. ఊపిరి బిగబట్టారంటే ఎక్కువ చేస్తున్నారని లెక్క. కొంచెం పైకి రండి."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. నెల తిరిగేసరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మంచం దిగాను. ఆ సంతోషంలో మాదేశ్‌ని అడిగాను, ఇంత ఓపికగా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావని.

"మా మేడమ్ దగ్గర. మూడేళ్ళు ఆవిడ వెనక నిలబడి చూశాకే నన్ను ఇంకొకరికి చెప్పనిచ్చారు. ఈ ఊళ్ళో పదకొండుమంది టీచర్లు ఆవిడ తయారుచేసినవాళ్ళే. సరస్వతీపురంలో సహన మేడమ్ అంటే ఎవరైనా చూపిస్తారు."

"పార్కు పక్క హాల్లోనా?"

"అవును. మీకు తెలుసా?"

"మా కోడలు."

మాదేశ్ తెల్లబోయాడు. "మరి బస్సెక్కి ఇంతదూరం నా దగ్గరికెందుకొచ్చారండీ?"

"సిగ్గేసి," అన్నాను.

తిరిగొచ్చే బస్సులో నా గుండె పొంగిపోతోంది. ఎవరికైనా చెప్పాలి. టికెట్ ఇవ్వడానికొచ్చిన కండక్టరుకి చెప్పేశాను, మా కోడలు పదకొండుమంది టీచర్లకి టీచరని. "చాలా సంతోషం, చిల్లరుందా?" అన్నాడు.

సహన వాకిట్లో ఆకుకూర బాగుచేస్తోంది. "అమ్మా, రేపట్నించి నీ క్లాసుకొస్తాను," అన్నాను.

"రండి మామయ్యా. మాదేశ్ బాగానే చెప్తున్నాడా?"

"వాడు ఫోన్ చేశాడా?"

"లేదండీ. వారం రోజుల్నించీ కుర్చీ పట్టుకోకుండా లేస్తున్నారు. రెండు మడమలూ ఆనించి నిలబడుతున్నారు. మొదటిరోజు ఆ పాఠం చెప్పేది నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. హెబ్బాళ బస్సు దిగడం అత్తయ్య చూశారు. అక్కడ చెప్పేది మాదేశే."

లోపల్నించి సాకమ్మ అందుకుంది. "యూనియన్ ఆఫీసులో ఈమధ్య చాప వేసి పడుకోబెడుతున్నారట!"

మర్నాడు హాల్లో నలభైమంది ఉన్నారు. లాయరు, పూలమ్మే ఆవిడ, ఇద్దరు పోలీసులు. సహన గొంతు పెంచలేదు, అయినా ఆమె ఊపిరి వదలమంటే నలభైమందీ ఒక్కసారి వదిలారు. ఇంట్లో చూసే అమ్మాయేనా అనిపించింది. నా దగ్గరికొచ్చి ఆగింది.

"భుజం మీద చెయ్యి వెయ్యొచ్చా మామయ్యా?"

"ఇక్కడ నువ్వు టీచర్వి. అడగకూడదు."

"ఎవర్నయినా అడుగుతానండీ," అంది. నేను తలూపాను. ఏళ్ళతరబడి స్టీరింగ్ తిప్పి చెవిదాకా ఎక్కిన కుడిభుజాన్ని రెండు వేళ్ళతో కిందికి దించింది. అది అంత కిందికి దిగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పటికీ నా చేతులు పాదాలకి అందవు, జానెడు దూరముంది. తొందరేమీ లేదు. హాలు తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది. అందరికన్నా ముందే వెళ్ళి తీస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు మేడమ్ ఎవరని అడిగితే, ఎవర్నీ చెప్పనివ్వను. నేనే చూపిస్తాను.